బల్బు గుర్తు

మా స్టూడియోకి జనం ఫోటో దిగడానికి రావడం తగ్గి, సొంత కెమెరాలు పట్టుకుని ఫిర్యాదులు చెప్పుకోవడానికి రావడం మొదలైన రోజులవి. 2009వ సంవత్సరం. ఆ జూన్‌లోనే కోడాక్ కంపెనీ కోడాక్రోమ్ ఫిల్ము ఇక తయారు చెయ్యబోమని ప్రకటించింది. నేనా ఫిల్ము ఒక్క రోలూ వాడినవాణ్ణి కాదు. అయినా పేపర్లో చదవగానే, రాకపోకలు లేని దూరపు చుట్టం పోయినట్టనిపించింది.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "కెమెరా పాడైంది, కాస్త చూడండి." చూస్తే కెమెరా నిక్షేపంగా ఉంటుంది. లెన్సు మీద పిల్లాడి జంతికల నూనె వేలిముద్ర ఉంటుంది. కాదంటే మీట పువ్వు గుర్తు మీద ఉండిపోయి ఉంటుంది. దగ్గర వస్తువుల కోసం పెట్టుకునే గుర్తది, దాంతో గాలిగోపురం తీస్తే అలుక్కుపోక ఏమవుతుంది? ఇంకొందరు లెన్సు జూమ్ అయిపోయాక కూడా మీట వదలకుండా నొక్కుతూ డిజిటల్ జూమ్‌లోకి పోతారు. అది దగ్గరికి తేవడం కాదు, ఉన్న బొమ్మలో మధ్య ముక్క కోసి సాగదీయడం. "పది మెగాపిక్సెళ్ళని చెప్పి అమ్మాడండీ" అని షాపువాణ్ణి తిట్టేవాళ్ళకి నేను చెప్పే జవాబొకటే. మెగాపిక్సెళ్ళు బొమ్మ ఎంత పెద్దదో చెబుతాయి, ఎంత బావుందో చెప్పవు.

ఈ వైద్యానికి డబ్బులు తీసుకునేవాణ్ణి కాదు. ప్రింట్లు నా దగ్గరే వేయిస్తారని ఆశ. చాలామంది వేయించేవారు కాదు.

మాస్టారు వచ్చింది వినాయక చవితి వెళ్ళిన వారంలో. తణుకు హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పినాయన, చెవి మెలిపెట్టినాయన కూడానూ. రిటైరై చాలా కాలమైంది. ఉన్న ఒక్క కొడుకూ డల్లాస్‌లో ఉంటాడు. ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులు కదా, సెలవు పెడితే ఏమవుతుందో, ఇండియా వస్తే వీసా స్టాంపింగ్ దగ్గర ఏ తిరకాసు వస్తుందోనని వాడు రావడం వాయిదా మీద వాయిదా పడుతోంది. వాడికి బదులు, ఎవరో స్నేహితుడి చేత, అరచేతిలో ఇమిడే వెండిరంగు కెమెరా ఒకటి వచ్చింది. వారం వారం అమ్మవీ నాన్నవీ ఫోటోలు తీసి మెయిల్లో పంపమని కబురు.

"ఏరా, ఖాళీగా ఉన్నావా?" అంటూ వచ్చి కూర్చుని, చేతిసంచిలోంచి కెమెరాతో పాటు ఒక రూళ్ళ నోటుబుక్కు కూడా తీశారు. అందులో ఫోటో నంబరు, తీసిన తేదీ, వచ్చిన దోషం వరసగా రాసి ఉన్నాయి. మాస్టారు మాస్టారే.

మొదటి దోషం: అమ్మగారి కళ్ళు. ఎర్రగా, నిప్పుకణికల్లా ఉన్నాయి.

"మీ అమ్మగారు చూసి జడుసుకుంది. నన్ను రాక్షసిని చేశారేంటండీ అని ఒకటే గోల."

రాక్షసత్వం ఏమీ లేదు. చిన్న కెమెరాల్లో ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది. మసక గదిలో కంటిపాప పెద్దదై ఉంటుంది. ఫ్లాష్ వెలుగు నేరుగా లోపలికి పోయి, రక్తనాళాలతో నిండిన కంటి వెనక గోడకి తగిలి, ఆ ఎరుపుతో సహా వచ్చిన దారినే తిరిగొచ్చి లెన్సులో పడుతుంది. నా పాత స్టూడియో లైట్లు లెన్సుకి ఆమడ దూరంలో పక్కన ఉండేవి కాబట్టి ఈ గొడవ ఉండేది కాదు. కన్ను గుర్తు పెట్టుకుంటే ఫ్లాష్‌కి ముందు చిన్న దీపం వెలిగి కంటిపాప ముడుచుకునేలా చేస్తుందని చూపించాను. మాస్టారు నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నారు, పతన కోణం, పరావర్తన కోణం అని రాసుకుని మరీ.

రెండోది: చవితి పందిరి. వీధి చివర నిలబడి రాత్రిపూట తీస్తే ముందువరసలో ఎవరిదో బట్టతల తెల్లగా మెరిసి, వినాయకుడు కటిక చీకట్లో కలిసిపోయాడు. ఇంతింత కెమెరాల ఫ్లాష్ మూడు మీటర్లు పోతే గొప్ప. అది చెప్పబోతుంటే ఆయనే చెయ్యెత్తి ఆపారు. "ఆగరా. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. మూడు రెట్లైతే తొమ్మిదో వంతు. పదో తరగతిలో నీకు నేనే చెప్పాను. నువ్వప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నావు." ఫ్లాష్ ఆపేసి, పందిరి లైట్ల వెలుగులోనే, కెమెరాని ఏ గోడ మీదో ఆనించి తీస్తే వస్తుందని మాత్రం నేను చెప్పగలిగాను.

ఆ కార్డులోనే ఇంట్లో చేసిన చవితి పూజ ఫోటో ఉంది. పత్రి, ఉండ్రాళ్ళు, సాంబ్రాణి పొగ, మధ్యలో అమ్మగారు. ఆవిడ తల చుట్టూ గాలిలో తేలుతున్న తెల్లటి గుండ్రాలు, చిన్నవీ పెద్దవీ. ఎదురింటివాళ్ళు చూసి పెద్దలు దిగొచ్చారన్నారట. లెన్సుకి మరీ దగ్గరగా ఎగిరే ధూళి మీద ఫ్లాష్ పడితే, ఫోకస్‌లో లేని ఆ రేణువులు అలా గుండ్రంగా ఉబ్బి కనబడతాయి. వానచినుకులకీ ఇంతే. కావాలంటే కంప్యూటర్లో తుడిచేస్తానన్నాను. మర్నాడు మాస్టారు కబురు తెచ్చారు: "వద్దంది. ధూళో మరొకటో, ఉండనిమ్మంది. వచ్చినవాళ్ళని పొమ్మంటామా అంటోంది."

అప్పటి నుంచి మాస్టారు తరచూ వచ్చేవారు. కన్ను గుర్తు పెట్టినా ఫ్లాష్ వెలిగితే అమ్మగారు కళ్ళు మూసేసుకుంటున్నారట. విసుగొచ్చి ఫ్లాష్ పూర్తిగా ఆపేశారు. దాంతో ఇంకో చిక్కు మొదలైంది. సాయంత్రం ఇంట్లో ఉన్న వెలుగు చాలక, షట్టర్ సెకనులో ఎనిమిదో వంతు సేపో, అంతకంటే ఎక్కువో తెరుచుకుని ఉండాలి. తెర చూడ్డానికి చేతులు బారచాపి పట్టుకుంటారు కదా, డెబ్భై దాటిన చేతులు అంతసేపు నిలబడతాయా? ఆవిడ మొహం రెండుగా, కొన్నిట్లో మూడుగా వస్తోంది.

దానికి తోడు, నొక్కిన ఎంతసేపటికో గానీ తియ్యడం లేదని కోపం. "నవ్వమని చెప్పి నొక్కుతాను. అది నవ్వుతుంది. ఇది తియ్యదు. అది నవ్వడం ఆపుతుంది. ఇది తీస్తుంది."

ఇది మాత్రం నాకు ఇష్టమైన పాఠం. చిన్న కెమెరాలో లెన్సు ముందుకీ వెనక్కీ జరిగి, బొమ్మ ఎక్కడ పదునుగా ఉందో వెతుక్కుని, అప్పుడు తీస్తుంది. ఒక్కసారిగా నొక్కేస్తే ఆ వెతుకులాటంతా మనం నొక్కిన తర్వాత జరుగుతుంది. సగం నొక్కి పట్టుకుంటే వెతుకులాట ముందే అయిపోయి తెరమీద ఆకుపచ్చ చతురస్రం వెలుగుతుంది. అప్పుడు నవ్వు కోసం కాచుకుని, మిగతా సగం నొక్కడమే. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్ చేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది, ఆ లెక్కన మీది మెరుపు అని కూడా చెప్పాను. "మీ అమ్మగారు 23 సెకన్లు నవ్వదు" అన్నారు.

వణుకుకి మందు ఇంకా సులువు. కెమెరాని స్టూలు మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, నొక్కి చెయ్యి తీసెయ్యడమే. నొక్కేటప్పటి కుదుపు ఆ రెండు సెకన్లలో చచ్చిపోతుంది. ఆ మనిషి కదలకుండా కూర్చుంటే చాలు. అమ్మగారు కూర్చునేవారట. సాయంత్రం దీపం పెట్టాక హాల్లో బల్బు కింద పీట వేసుకుని, తలకి కొంచెం కొబ్బరినూనె రాసుకుని.

ఫోటోలు స్పష్టంగా రావడం మొదలైంది. మాస్టారు మళ్ళీ కనబడలేదు. కార్డు పట్టుకుని నేరుగా నెట్ సెంటర్‌కి వెళ్ళి, అక్కడి కుర్రాడి చేత మెయిల్ చేయించేవారు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. నెగెటివ్‌ల కాలంలో రోలు ల్యాబ్‌కి వెళ్ళేది. అక్కడొక ఆపరేటర్ ఉండేవాడు. ప్రతి ఫ్రేమూ చూసి, ఇందులో పసుపెక్కువైంది, ఇందులో ఎరుపెక్కువైంది అని ప్రింటర్‌లో ఫిల్టర్లు అటూ ఇటూ జరిపి మొహం రంగు మొహానికి తెచ్చి పంపేవాడు. వాడొకడున్నాడని ఎవరికీ తెలియదు. డిజిటల్ వచ్చాక వాడు పోయాడు. తణుకులో నొక్కిన ఫోటో డల్లాస్‌లో తెరుచుకునేదాకా మధ్యలో దాన్ని చూసే మనిషి లేడు.

కార్తీకమాసంలో అనుకుంటా, మాస్టారు పరుగులాంటి నడకతో వచ్చారు. మొహం వాడిపోయి ఉంది.

"నువ్వొకసారి ఇంటికి రావాలిరా. మీ అమ్మగారికి కామెర్లట."

"అయ్యో, ఎవరన్నారండీ?"

"అబ్బాయి. డల్లాస్ నుంచి."

విషయం ఏమిటంటే, ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేసే కొడుకు, వరసగా వచ్చిన ఫోటోల్లో అమ్మ మొహం, చేతులు, కళ్ళలో తెలుపుతో సహా పచ్చగా ఉండడం చూసి హడలిపోయాడు. రోజుకి రెండుసార్లు ఫోన్లు. ఇక్కడి డాక్టరుతో మాట్లాడాడు. రక్తపరీక్ష చేయించమన్నాడు. బిలిరుబిన్ ఉండాల్సినంతే ఉందని రిపోర్టు వచ్చింది. ల్యాబ్ మార్చి మళ్ళీ చేయించమన్నాడు. మళ్ళీ అంతే ఉంది. ఈలోపు వీధిలో తెలిసిపోయి ఎవరో నేలఉసిరి పసరు తెచ్చిచ్చారు, ఎవరో చెరకురసం పట్టించారు, నూనె మాన్పించి మజ్జిగన్నం పథ్యం పెట్టారు. అమ్మగారు ఎదురు చెప్పకుండా అన్నీ పుచ్చుకున్నారట.

"నాకు బాగానే కనబడుతోందిరా మనిషి. ఫోటో కూడా బాగానే కనబడుతోంది" అన్నారు మాస్టారు, అద్దాలు తుడుచుకుంటూ. ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. అవి ముదిరినవాళ్ళకి లోకమే పసుపు పొర వెనక ఉంటుంది, ఫోటోలో కొత్తగా పసుపేముంది? ఆపరేషన్ అబ్బాయి వచ్చినప్పుడు చేయించుకుందామని ఆగారు. "సంక్రాంతికి వచ్చేస్తానంటున్నాడురా. టిక్కెట్టు కూడా తీశాడట. కంగారులో వాడికి పని మీద ధ్యాస లేదు. ఉద్యోగం ఏమవుతుందోనని నా భయం. ఆ కెమెరా సంగతేదో తేల్చు."

వాళ్ళ హాల్లో అడుగుపెట్టగానే తేలిపోయింది. ట్యూబ్‌లైట్ చోక్ పోయి చాలాకాలమైంది. ఉన్నది అరవై క్యాండిల్ బల్బొకటి. అది కూడా సాయంత్రం ఊరంతా మోటార్లు వేసే వేళ, వోల్టేజీ పడిపోయి, ఫిలమెంట్ చల్లబడి ఇంకాస్త ఎర్రగా మండుతోంది. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500 కెల్విన్ల వెలుగైతే, మామూలు బల్బు 2700 దగ్గర ఉంటుంది. తక్కువైనకొద్దీ పసుపూ ఎరుపూ పెరుగుతాయి. మన కంటికి తెలియదు, ఎందుకంటే తెల్లపంచె తెల్లదని మనకి ముందే తెలుసు, మెదడు సర్దేసుకుంటుంది. కెమెరాకి ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఆటోలో వదిలేస్తే అది కూడా సర్దుతుంది గానీ, బల్బు వెలుగు దగ్గర చాలా కెమెరాలు సగం సర్ది ఊరుకుంటాయి.

మెనూలో వైట్ బ్యాలెన్స్ తెరిచి చూపించాను. ఎండ గుర్తు, మబ్బు గుర్తు, బల్బు గుర్తు, ట్యూబ్‌లైట్ గుర్తు. ఏ వెలుగులో ఉంటే ఆ గుర్తు. మాస్టారి పంచెని అమ్మగారి పక్కన కుర్చీకి వేలాడేసి, ముందు ఆటోలో ఒకటి, తర్వాత బల్బు గుర్తు పెట్టి ఒకటి తీశాను. పంచె తెల్లగా వస్తే పక్కన మొహం కూడా సరిగ్గా వచ్చినట్టే. మాస్టారికి తేడా తెలియదు కాబట్టి అమ్మగారికి చూపించాను.

ఆవిడ కెమెరా చేతిలోకి తీసుకుని రెండు ఫోటోలూ ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూశారు. మొదటిదాంట్లో పసుపుముద్ద. రెండోదాంట్లో చామనఛాయ మనిషి, ఎర్రటి కుంకుమ, నీలంచీర.

"ఈ బల్బు బొమ్మ వల్లేనా?" అన్నారు.

"అంతేనమ్మా. కామెర్లు మీకు కాదు, కెమెరాకి."

మాస్టారు పకపకా నవ్వారు. అమ్మగారు కెమెరా నాకిచ్చేసి, కాఫీ పెడతానని లోపలికి వెళ్ళారు. పథ్యం ఆ రోజుతో ఆఖరు.

పాతవాటిని కూడా వదల్లేదు నేను. కార్డు షాపుకి తెచ్చి, పికాసా అనే ఫోటోల ప్రోగ్రాములో ఒక్కో ఫోటో తెరిచి, తెల్లగా ఉండాల్సిన చోటు ఏదో ఒకటి, గోడో పంచె అంచో, దానికి చూపిస్తే చాలు, మిగతా రంగులన్నీ వాటంతటవే దారికొచ్చేవి. పచ్చదొకటి, సరిచేసిందొకటి జంటలుగా కలిపి, కారణం ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, నేనే మెయిల్ చేశాను. వ్యాపారం పడిపోయిన రోజుల్లో ఇలాంటి పనులే కాస్త మనిషిననిపించేవి. మర్నాడే జవాబు. పెద్ద ఉత్తరం. నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేశాడా అబ్బాయి. ఇన్నాళ్ళకి నిద్రపట్టింది అన్నా అని రాశాడు.

మాస్టారికైతే ఊపొచ్చింది. నోటుబుక్కు అయిపోయి రెండోది మొదలైంది. వీధిలో ఎవరి కెమెరాకి రోగమొచ్చినా ఆయనే వైద్యం. తెల్లటి గోడ ముందు మనిషి నల్లగా వస్తుంటే వెలుగు ఒక మెట్టు పెంచమని ప్లస్ మీట చూపించడం, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నవాళ్ళని పగలైనా సరే ఫ్లాష్ వేసి తియ్యమనడం. నాకు పోటీ అని వెక్కిరించేవాణ్ణి.

ధనుర్మాసం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, మాస్టారు కునుకు తీసే వేళ, అమ్మగారు ఒక్కరే వచ్చారు. నాకు ఆశ్చర్యమేసింది. ఆవిడ మా మెట్లెక్కడం అదే మొదలు. గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, గోడమీది పెళ్ళిఫోటోలన్నీ చూశారు. మా ఆవిడ క్షేమం అడిగారు. అసలు సంగతి రావడం లేదు.

ఈ వయసువాళ్ళు ఇంట్లో చెప్పకుండా ఒక్కరే స్టూడియోకి వస్తే సాధారణంగా ఒకటే పని ఉంటుంది. దండ వెయ్యడానికి పనికొచ్చే ఫోటో ఒకటి బతికుండగానే, తమకి నచ్చినట్టు తీయించుకుని పెట్టుకోవడం. వాళ్ళంతట వాళ్ళు అనలేరు, మనమే అందుకోవాలి.

"పెద్ద సైజు చేయించమంటారా అమ్మా? మొన్న బల్బు కింద తీసింది బాగా వచ్చింది. పన్నెండు పదహారుకి ఆగుతుంది" అన్నాను.

"అది కాదు నాయనా." సంచిలోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టారు. "ఆ బల్బు బొమ్మ తీసేస్తే, మళ్ళీ ముందులాగే వస్తుందా?"

"వస్తుంది. ఎందుకూ?"

"తీసెయ్యి."

నేను చూస్తూ ఉండిపోయాను.

"మాస్టారికి ఆ బొమ్మ కనబడదులే. రంగూ తెలియదు. నువ్వు చెప్పకుండా ఉంటే చాలు." కాసేపు ఆగి, పెళ్ళిఫోటోల వైపే చూస్తూ అన్నారు: "పొద్దునా సాయంత్రం చేసేవాడు. అమ్మకి ఫోనివ్వండి నాన్నా అనేవాడు. ఏం తిన్నావమ్మా, నిద్రపట్టిందా అమ్మా అని. వెళ్ళాక ఎన్నేళ్ళయింది, ఏం తిన్నావని వాడు అడగడం అదే. ఇప్పుడు మళ్ళీ ఆదివారాలకొచ్చాడు. టిక్కెట్టు కేన్సిల్ చేసుకున్నాడట. నీ ఫోటో చూశాక మనసు కుదుటపడిందట, వేసవికి చూద్దామన్నాడు."

కెమెరా అందుకుని మెనూ తెరిచాను. చెయ్యి అలవాటుగా పనిలో పడింది. నోరు కూడా.

"ఆటోలో పెడితే ఓ మోస్తరుగా వస్తుందమ్మా. ఎండ గుర్తు పెడితే బాగా పచ్చగా వస్తుంది. మబ్బు గుర్తు పెడితే ఇంక చెప్పక్కర్లేదు. ఎంత పచ్చగా రావాలి?"

అమ్మగారు కొంచెం ఆలోచించారు.

"మరీ ఎక్కువొద్దు నాయనా, పిల్లాడు బెదిరిపోతాడు. టిక్కెట్టు కొనుక్కునేంత చాలు."